మా అమ్మ ఆగని ఆదివారం

అరవైల చివర, నేను ఎస్సెల్సీ చదువుతున్న రోజులు. తెనాలి దగ్గర మా ఊరి చర్చిలో ప్రభురాత్రి భోజనానికి ఒక పద్ధతి ఉండేది. ముందు బెంచీల మీది రైతు కుటుంబాలు ద్రాక్షారసం తీసుకున్నాకే, చాపల మీద కూర్చున్న మా పేటవాళ్ళు లేవాలి. గిన్నె మాత్రం ఒక్కటే.

ఆ ఆదివారం పాస్టరుగారు రమ్మనగానే మా అమ్మ అందరికంటే ముందు వెళ్ళి మోకరించింది. ఆయన వంగి, "కాస్త ఆగమ్మా, పెద్దవాళ్ళని తీసుకోనీ" అన్నారు.

"పొలంలో అయితే ఆగుతానండి అయ్యగారూ. పరలోక రాజ్యంలో అందరం ఒకటేనని మీరే చెప్పారు. ఇక్కడ ఆగనండి."

మేం నాట్లకు వెళ్ళేది ఆ ముందు బెంచీవాళ్ళ పొలాలకే. అమ్మ కదల్లేదు. చివరికి ఆయన గిన్నె అందించారు.

ఆ నెలంతా మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు. అమ్మ దుగ్గిరాల పసుపు యార్డుకు కూలికి వెళ్ళింది. మళ్ళీ ప్రభు భోజనం రోజు వచ్చింది. "ఈసారి వెనకే ఉందామమ్మా" అని బతిమాలాను.

పసుపు వదలని చేతులతో నా ఓణీ సర్ది, "ఈసారి నా ముందు నువ్వు నడు" అంది.

నడిచాను. ఆ తర్వాత నన్ను కాస్త ఆగమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కచోటా ఆగలేదు.