ఆ మధ్యాహ్నం ఆమె మా వంటింట్లో ఉంది

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక దొరల బంగళాల్లోకి మన ఆఫీసర్లు దిగారు. అలాంటి ఒక బంగళాలో ఆఫీసరుగారి తల్లిని పట్టపగలు ఎవరో గొంతు నులిమి చంపారు. మెడలో గొలుసు పోయింది. పోలీసులు పెద్దగా వెతకలేదు, ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషిని పట్టుకున్నారు. ఆమె మా ఇంట్లోనూ తోమేది.

మా ఆయన గని ఆఫీసులో గుమాస్తా. రాబర్ట్‌సన్‌పేటలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. గదులు తక్కువైనా మా అత్తగారి మడికి మాత్రం కొదవ లేదు. పనిమనిషి పెరడు దాటి లోపలికి రాకూడదు. నాకేమో అప్పుడు ఏడో నెల, రోలు ముందు కూర్చుంటే నడుము పడిపోయేది. అందుకని అత్తగారు భజనకు వెళ్ళిన మధ్యాహ్నాల్లో ఆమెను వంటింట్లోకి పిలిచి పిండి రుబ్బించుకునేదాన్ని. ఆ దోసెలు అత్తగారు మెచ్చుకుని మరీ తినేవారు. నాకు లోలోపల నవ్వొచ్చేది.

హత్య జరిగిన వేళ కూడా ఆమె మా రోలు దగ్గరే ఉంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఆమెను వెంటబెట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడు. "మూడు గంటలప్పుడు మీ ఇండ్లో ఉన్నానంటా ఉండాది ఇది. నిజమామ్మా?"

అత్తగారు అందుకున్నారు. "నేను భజనకు పోయినాను. అయినా దాన్ని లోపలికి రానిచ్చేది మా ఇండ్లో లేదప్పా. గిన్నెలు తోమేసి పోతాది, అంతే. ఏమమ్మా?" అని నా వైపు తిరిగారు.

ఆమె నన్నే చూస్తూ ఉంది.

"రెండింటికే తోమేసి పోయింది" అన్నాను. నాలుగు చివాట్లకు జడిసి ఒక మనిషిని జైలుకు పంపాను. తప్పు చేయని మనిషిని వాళ్ళే వదిలేస్తారులే అని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వదల్లేదు. నాలుగు నెలలకు ఆ చనిపోయిన పెద్దావిడ అక్క కొడుకు ముళబాగిలులో గొలుసు అమ్మబోయి దొరికాడు. అప్పుడు ఆమెను వదిలారు.

ఒకరోజు పెరట్లోకి వచ్చి నిలబడింది. కుడిచేతి వేళ్ళు రెండు వంగడం లేదు. నా చంకలో పిల్లను చూసి, "ఆడబిడ్డామ్మా? బాగుండాది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉండబట్టలేక అడిగాను, "పిండి రుబ్బుతూ ఉన్నానని నువ్వైనా చెప్పకపోయావా?"

"చెప్పినా గదమ్మా. అందరూ నవ్వినారు. అయ్యోర్ల ఇండ్లో నిన్ను వంటింట్లోకి పిలుస్తారా, ఎవురికి చెప్తావు కథలు అని ఇంగా రెండు వేసినారు."

ఆ మాట వింటూనే, సిగ్గులేని నేను మొదట చేసిన పని, అత్తగారు విన్నారేమోనని లోపలికి తొంగి చూడడం.