పార్శ్వనొప్పిని పిలుచుకొని కడపకు

కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయినవాళ్లు లక్షల్లో ఉంటారు. దారి పొడుగునా తలనొప్పి రావాలని ముక్కోటి దేవతలకు మొక్కుకుంటూ పోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

నాకు పార్శ్వనొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. నా ఎడమ కణతలో అద్దె కట్టకుండా ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటోంది. అది వచ్చిన రోజు మా ఇంట్లో కుక్కరు కూడా నన్నడగనిదే ఈల వేయదు. వెలుతురు పడదు, వాసన పడదు, అన్నిటికన్నా మేళం పడదు. మా అక్క పెద్దకూతురి పెళ్లిలో, మేనమామగా పెళ్లికూతుర్ని గంపలో ఎత్తుకొని మంటపానికి తేవాల్సిన నేను, మొదటి తప్పెట దెబ్బకే బియ్యం మూటల గదిలోకి పోయి తడి తువాలు కప్పుకొని పడుకున్నాను. గంప ఎవరో దూరపు చుట్టం మోశాడు. ఇప్పుడు రెండో అమ్మాయి లావణ్య పెళ్లి శ్రావణంలో ఉంది.

"మామా, ఈ తూరి నువ్వు మోయకపోతే నేను గంపలో కూచునేదే ల్యా. ముహూర్తం దాటిపోయినా సరే" అని ఆ పిల్ల ఖరాఖండిగా చెప్పేసింది. అన్నంత పనీ చేసే రకం. రెండు నెలల్లో నా తలకాయ మేళానికి తట్టుకునేలా తయారు కావాలి.

కడపలో ఆక్యుపంక్చర్, అదే సూదుల వైద్యం, చేసే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "వీలైతే నొప్పి ఉన్న రోజు రాండి అన్నా, చూస్తా" అంది. అందులో 'వీలైతే'ను వదిలేసి మిగతాదంతా రాజాజ్ఞగా తీసుకున్నాను.

ఓ తెల్లవారుజామున కణతలో చిన్న కదలిక తెలిసింది. ఇదే ముహూర్తమని ఐదున్నర బస్సెక్కాను. ఓర్వకల్లు రాళ్లు దాటేసరికి ఆ కదలిక కాస్తా మాయం! పిలవకుండా వెయ్యిసార్లు వచ్చిన నొప్పి, పిలిస్తే మాత్రం మొరాయించింది. సరే, దానికి ఇష్టమైనవన్నీ పెడదామనుకున్నాను. సూర్యుడు నేరుగా ముఖాన కొట్టే ఎడమ కిటికీ పక్కకు, పాటలు మోగే పెట్టె కిందికి మారాను. ఏడుంబావుకు నంద్యాలలో ఆగితే, బొరుగుల ఉగ్గాని మీద మిరపకాయ బజ్జీ పెట్టి జనం తింటున్నారు. ఆ వాసనకు రాళ్లకు కూడా ఆకలి వేస్తుంది. నొప్పికి ఖాళీ కడుపంటే ప్రీతి కాబట్టి నేను మునిలా కళ్లు మూసుకున్నాను.

అక్కడే ఎక్కిన ఒక పెద్దమ్మ నా పక్కన కూలబడి ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, ఆ పక్క నీడ సీటు ఖాళీగా ఉండాదే, ఈడ మాడిపోతాండావు?"

"తలనొప్పి కోసం పెద్దమ్మా. ఎంత పిల్చినా రావడంల్యా."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! దుడ్లిచ్చి టికెట్టు కొని తలనొప్పి ఎతుక్కుంటాండావా?"

"డాక్టరమ్మ తెమ్మనింది."

"అట్లయితే మైదుకూరులో నాతో దిగు. మా కోడలి కాడ గంటసేపు కూచో. శానా మంచి తలనొప్పి వస్తాది, ఊరికేనే."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వుల హోరుకైనా వస్తుందేమోనని కణత తడిమి చూసుకున్నాను. ఊహూ.

పదిన్నరకు కడపలో దిగాను. బస్టాండు బయట ఎండ పెనం మీద పోసిన దోశపిండిలా పరుచుకుంది. ఆటో ఏడురోడ్ల కూడలి దాటి డాక్టరమ్మ మేడ ముందు దించింది. వరుసలో నా పక్కన మోకాళ్ల నొప్పితో వచ్చిన ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు. ఆయన తెల్లగడ్డం ఒక్కసారి సవరించుకోగానే అత్తరు వాసన సముద్రంలా వచ్చి మీద పడింది. అంతే, ఎడమ కంట్లో మెరుపులు, కణతలో రోకలిపోటు. వచ్చేసింది!

"నా అత్తరు పడల్యా ఏం భాయ్? దూరం జరుగుతాలే" అన్నాడాయన, నా ముఖం చూసి.

"వద్దు చాచా, ఇంకా దగ్గరికి రా! పొద్దున్నించి దీని కోసమే తిరుగుతాండా!"

"యా అల్లా! ఈయనకు సూది చాలదు, తాయెత్తు గూడా కట్టాల" అని ఆయన కుర్చీ మార్చాడు.

లోపల నా ఎండ తపస్సు, ఉపవాస దీక్ష విని డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "నొప్పి లేకున్నా సూదులు ఏస్తాం గదన్నా! ఎవురు పడమన్నారు ఇంత అవస్థ?" ముందు రెండు బిస్కెట్లు తినిపించి, ఆ తర్వాత పడుకోబెట్టింది.

నేను గోనెసంచులు కుట్టే దబ్బనాలు ఊహించుకొని పోయాను. కొత్త పొట్లం చించి ఆమె తీసిన సూది వెంట్రుకకు చెల్లెలిలా ఉంది. కణతల దగ్గర, మెడ వెనక, బొటనవేలికి చూపుడువేలికి మధ్య, చివరికి పాదాల మీద కూడా గుచ్చింది. నేరం కర్నూలులో జరిగితే ఆదోనిలో పోలీసులను పెట్టినట్టు, తల నొస్తే కాలికి సూది ఏమిటో! చేతిలోని సూదిని ఆమె మెల్లగా తిప్పగానే మోచేతి దాకా ఒక బరువైన జివజివ పాకింది. అరగంట కళ్లు మూసుకొని పడుకున్నాను. రోకలిపోటు పిడికిలిపోటయింది, పిడికిలి వేలయింది, వేలు కూడా వెనక్కి పోయింది. మామూలుగా మర్నాటి దాకా కదలని మొండిఘటం! లేచి కూర్చుని కిటికీ తెర నేనే పక్కకు లాగి, కడప మిట్టమధ్యాహ్నాన్ని కళ్లారా చూశాను.

"ఒక్క తూరికే అయిపోయిందనుకోవద్దన్నా. వారానికోసారి రావాల. మీ డాక్టరు రాసిన మాత్రలు ఆయన చెప్పందే ఆపొద్దు" అంది ఆమె. వారానికోసారి ఏమిటి, ఆ క్షణాన రోజూ నడిచి రమ్మన్నా వచ్చేవాణ్ణి.

కూడలిలో ఎర్రకారం దోశలు ఎన్ని తిన్నానో దోశలాయనకే తెలియాలి. మూడింటి బస్సు పట్టుకున్నాను. ఆళ్లగడ్డలో ఏదో ఊరేగింపు అడ్డమొచ్చి బస్సు ఆగింది. తప్పెట్లు! గుండె ఒక్క క్షణం బియ్యం బస్తాలా బరువెక్కింది. పరీక్ష ఎప్పటికైనా తప్పదు గదా అని దిగి, నేరుగా తప్పెట కొట్టేవాళ్ల మధ్యకు పోయి నిలబడ్డాను.

"జరుగప్పా, చెవులు పోతాయ్!" అన్నాడు ఒకడు.

"నువ్వు కొట్టప్పా, ఇంకా గట్టిగా!"

వాడు పంతం పట్టి కొట్టాడు. నల్లమల కొండలు ఉలిక్కిపడి ఉంటాయి. నా కణత మాత్రం ఉలకలేదు, పలకలేదు. అక్కణ్ణుంచే లావణ్యకు ఫోన్ చేశాను.

"మామా, ఆ తప్పెట్లు యాడ?" అని అరిచింది.

"నా చెవి పక్కన! నీ గంప నేనే మోస్తాండా!"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత మెల్లగా అంది: "మామా, నేనిప్పుడు అరవై కిలోలుండా. తలకాయ సరే, నడుముకు గూడా సూదులు ఏయించుకుంటివా?"

బస్సు నంద్యాలలో ఆగినప్పుడు ఒకాయన శనగల మూట దించలేక అవస్థ పడుతుంటే, "జరుగన్నా" అని నేనే భుజానికెత్తుకున్నాను. నడుము కలుక్కుమంది. తల మాత్రం మా కర్నూలు కొండారెడ్డి బురుజులా నిటారుగా నిలబడింది.