పగటి పాలు

మా పక్కింటి నాహిద్ తిరువూరు మెయిన్ రోడ్డులో చీరల షాపులో పని చేస్తుంది. చీరను తన భుజం మీద వేసుకుని చూపించిందంటే, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కూడా కొనుక్కునే వెళతారు. భర్త అక్రమ్ గంపలగూడెం రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. పెళ్లయిన చాన్నాళ్లకి వాళ్లకి అబ్దుల్లా పుట్టాడు.

ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ఆసుపత్రిలో చెప్పారు. నాహిద్ ఆ మాటను ఒట్టు పెట్టుకున్నట్టు పట్టుకుంది. అత్తగారు గౌసియాబీ ముచ్చటపడి తేనె నాకించబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"అక్రమ్‌ని తేనె నాకించే పెంచాను. వాడికేమైంది?" అని ఆవిడ అలిగి ఒక పూట అన్నం మానేసింది. అయినా కోడలు కరగలేదు. పిల్లాడు మణికట్లు కనపడనంత బొద్దుగా తయారయ్యాడు. వాణ్ణి చూసుకుని నాహిద్‌కి ఎంత గర్వమో.

మూడో నెల దాటగానే ఆటో ఇంజను పోయి షెడ్డులో పడింది. పెళ్లిళ్ల సీజను వచ్చింది, వస్తావా, వేరే అమ్మాయిని పెట్టుకోనా అని షాపు ఓనరు వెంకటప్పయ్య ఫోన్ చేశాడు. వెళ్లక తప్పలేదు. పొద్దున, రాత్రి తన పాలు, పగలు డబ్బా పాలు అనుకున్నారు. ఆరు నెలలు పాలివ్వమని గోడల మీద బొమ్మలేసి రాసేవాళ్లు, ఆ ఆరు నెలలూ ఇల్లు ఎవరు నడపాలో కూడా రాస్తే బాగుండేది.

షాపులో మధ్యాహ్నానికల్లా రొమ్ములు గట్టిపడి సలిపేవి. బాత్రూములోకి వెళ్లి పాలు పిండి పారబోసేది. ఇంట్లో వాడు సీసా పీలుస్తుంటే ఇక్కడ వాడి పాలు తూములో పోతున్నాయని నా దగ్గర చెప్పుకుని ఏడ్చేది. ఒకరోజు ఎవరి బిడ్డో ఏడిస్తే పాలు పొంగి, భుజాన వేసుకున్న పట్టుచీరకి తడి అంటింది. వెంకటప్పయ్య అరవలేదు. "ఇంట్లో ఏదో ఒకటి చూసుకుని రామ్మా. చీరలు కొనే పార్టీల ముందు బాగుండదు" అన్నాడు. చెడ్డవాడైతే తిట్టుకోనైనా తిట్టుకునేవాళ్లం.

కోడలి బాధ చూడలేక గౌసియాబీ మల్లెపూలు తెచ్చింది. అవి రొమ్ములకి కడితే పాలు తగ్గుతాయని మా వైపు ఆడవాళ్లందరికీ తెలుసు.

"పొద్దున కట్టి సాయంత్రం తీసేద్దాం. పగటి పాలు తగ్గుతాయి, రాత్రి పాలు రాత్రికి ఉంటాయి" అంది ఆవిడ. నాహిద్ కూడా నమ్మింది. పాలకి పగలేంటి, రాత్రేంటి? వారం తిరక్కుండా మొత్తం ఇంకిపోయాయి.

తర్వాత కొన్నాళ్లకే వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి బతికించారు. "మళ్లీ నీ రొమ్ముకే అలవాటు చెయ్యమ్మా. వాడు పీల్చేకొద్దీ పాలు వస్తాయి" అంది నర్సు.

నాహిద్ షాపుకి సెలవు పెట్టింది. పొద్దస్తమానం వాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చునేది. వాడు కాసేపు పీల్చి, ఏమీ రాక, వెన్ను విరుచుకుని ఏడ్చేవాడు. మొహం అటు తిప్పేసుకునేవాడు.

"వదిలెయ్ నాహిద్. పిల్లాడు అలిసిపోతున్నాడు" అని అక్రమ్ బతిమాలేవాడు.

"ఇంకొక్కసారి" అనేది.

సెలవు అయిపోయే రోజు మధ్యాహ్నం నాహిద్, నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాం. లోపల వాడి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తొంగి చూశాం. గౌసియాబీ గోడకి ఆనుకుని కూర్చుంది. వాడు ఆవిడ ఎండిపోయిన రొమ్ము నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పీలుస్తున్నాడు. ఇన్నాళ్లూ పగలంతా వాడు సీసా తాగింది ఆ ఒళ్లోనే కదా.

కోడల్ని చూసి ఆవిడ గాభరాగా కొంగు లాక్కుంది. "ఎంతకీ ఊరుకోవట్లేదమ్మా. ఊరికే నోట్లో పెట్టాను" అంది, దొంగతనం చేసి దొరికిపోయినదానిలా.

పాలు లేనిది ఇద్దరికీ. అయినా వాడు అక్కడ ఊరుకున్నాడు.

"తీయకండి అత్తమ్మా, పడుకోనివ్వండి" అంది నాహిద్. గడపలో కూలబడి, ఇన్ని రోజులూ వాడి కోసం వదిలి ఉంచుకున్న జాకెట్టు హుక్కులు కొంగు చాటున ఒక్కొక్కటే పెట్టుకుంది.