మా పెద్దనాయన చూసిపెట్టిన ఫట్‌ఫటీ

జర ఆ చాయ్ ఇటియ్యుండ్రి, చెప్త. మీరంత నవ్వుతున్నరు గని ముందుగాల మొత్తం ఇనుండ్రి. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాక, మల్ల ఆడికెల్లి ఈడిదాక, అందరు చూస్తుండంగ నా పరువు దుమ్ముల గలిసింది. తప్పెవరిదో మీరే జెప్పుండ్రి.

నా పని మీకు తెల్సిందే. గద్వాల చీరెలు తెచ్చి నాగర్‌కర్నూల్ దాక ఊరూరు దిరిగి అమ్ముకునేటోన్ని. పోయిన నెల నా పెండ్లాం సుగుణను నాగర్‌కర్నూల్ల పుట్టింట్ల దింపిన. ఎడ్లబండ్ల రెండు దినాలు ఎగిరెగిరి పడ్డది గదా, దిగంగనే నడుం బట్టుకోని ఒక్కటే మాటన్నది. "మల్ల బండి గట్టుకొస్తె నేను రాను. ఈడనే ఉంట." మా అత్తగారోల్లు అందరు వింటున్నరు. నాకు రోషమొచ్చింది. "అమాసలోపల ఫట్‌ఫటీ మీదొస్త. నిన్ను దొరసాని లెక్క కూసుండవెట్టుకోని తీస్కపోత" అన్న. మా బామ్మర్ది పక్కకు తిరిగి నవ్విండు. ఆ నవ్వే నన్ను ముంచింది.

శ్రీరంగాపూర్ల ఒక సాబ్ ఉన్నడు, సర్కారు కచేరిల నౌకరి జేసి దిగినాయన. దూరాలు తిరిగెటందుకు పెట్టుకున్న పెద్ద మోటర్ సైకిల్, అదే ఫట్‌ఫటీ, ఆయన దగ్గరున్నది. ఇరవై ఏండ్ల పాతది. గని పక్కన తొట్టె ఉన్నది, మనిషి కాళ్లు జాపుకోని కూసోవచ్చు. అమ్ముతనన్నడు. నేనొక్కన్నే పోయుంటె ఏ పరేషాన్ ఉండకపోవు. గని మా ఇంట్ల ఏది గొనాలన్నా మా పెద్దనాయన రావాలె. ఎడ్ల సంతల ఆయన చెయ్యేసిన పశువు మీద మల్ల ఎవ్వడు మాట్లాడడు.

"పెద్దనాయనా, అది ఎద్దు గాదు" అన్న.

"నడుస్తదా లేదా? నడిచేదైతె నేను చూడాలె" అన్నడు.

చూసిండు. మీరు నమ్మరు, చాన మంచిగ చూసిండు. ఎనక నిలవడి నడక చూసిండు, చక్రం వంకర పోతుందేమో అని. టాంకీని నిమిరి, రంగు కింద సొట్ట ఏడున్నదో పట్టిండు. "దెబ్బదిన్న పశువును గిట్లనే తోమి సంతకు తెస్తరు" అన్నడు. సాబ్ మొఖం మాడింది. ఇంజన్ కింద ఇసుక పోయించి, నూనె ఎక్కడన్న గారుతున్నదా అని గడియసేపు కూసోని చూసిండు. ఆఖర్ల "బరువుకు ఆగుతదో లేదో చూడాలె" అని తను తొట్టెల కూసున్నడు. సాబ్ నడుపుతుంటె ఎనక నేనెక్కిన. ఊరి బయటి గుట్టదారి మూడుసార్లు ఎక్కిచ్చిండు. ఫట్‌ఫటీ ఎక్కింది. నా గుండె నిండింది. గని ఈ యుద్ధం రోజులల్ల సర్కారు చీటి లేంది చుక్క పెట్రోల్ దొర్కదు గదా. ఉన్నదంత ఆ గుట్టకే అయిపోయింది.

సరే, మా ఎడ్లబండి ఎనక కట్టుకోని పోదమనుకున్నం. నేను, సాబ్ లోపల కాయితం రాస్కుంటున్నం. పెద్దనాయన బయటున్నడు. నేనొచ్చేసరికి ఇంటికెల్లి తెచ్చిన కొత్త పలుపు ఫట్‌ఫటీ ముందట గట్టి, బండికి తగిలిచ్చిండు. ఎంత ముందుచూపు అని మురిసిన. ఫట్‌ఫటీ ఎనకకు పోయి చూడలే.

మర్నాడు చీటి మీద పెట్రోల్ పట్టుకొచ్చిన. కండ్లకు అద్దాలు వెట్టుకోని వాకిట్ల కూసున్న. వాడకట్టంత వచ్చింది. తన్నిన. ఒక్క తన్నుకే లేసింది. గేరేసిన, చప్పుడు పెరిగింది. ఇంకింత తిప్పిన. పక్కింటి కోళ్లన్ని గోడెక్కినయ్. నేను మాత్రం ఉన్నకాడనే ఉన్న.

"ఏం నాయనా, పోతలేవు?" అన్నది ఎదురింటి ముసలవ్వ.

దిగి చూస్తె, ఇంజన్‌కెల్లి ఎనక చక్రాన్ని తిప్పే తోలుపట్ట లేదు.

"పెద్దనాయనా, ఈడ ఒక తోలుపట్ట ఉండాలె గదా?"

"ఆ తోలు పలుపా? సాబోల్ల అమ్మ చేతిల వెట్టొచ్చిన" అన్నడు, నిమ్మలంగ చుట్ట ముట్టిచ్చుకుంట. "పశువును కొన్నా, అమ్మినోల్ల పలుపు మనం తీస్కరావద్దు. అది ఆ ఇంట్లనే ఉండాలె. గింత గూడ తెల్వదా నీకు?"

శ్రీరంగాపూర్‌కు ఉరికిన. సాబ్ పాపం తలకాయ పట్టుకున్నడు. గని ఆయన తల్లి, ఎనభై ఏండ్ల బీబమ్మ, ఆ పట్టను కొట్టంల గుంజకు చుట్టి దానిముందట కూసున్నది. వాల్లదీ సేద్యం జేసే ఇల్లే. "మీ పెద్దాయన మర్యాద తెల్సిన మనిషి. ఇచ్చిపోయిండు. ఇప్పుడు నేను మల్ల ఇస్తె ఇంటి సిరి, బర్కత్ పోతది బిడ్డా" అన్నది.

"అమ్మీ, అది లేకుంటె బండి నడ్వది" అన్నడు సాబ్.

"నడ్వందాన్ని ఎందుకమ్మినవ్?" అన్నది.

సాబ్ బయటికి నడిసిండు. నేను కోపం మింగి, ఆమె పోసిన చాయ్ దాగి వచ్చిన. ఇంటికొచ్చి, అసొంటి పట్ట మా దిక్కు దొర్కదని పలుపునే పట్ట లెక్క చుట్టి చూసిన. పొగొచ్చి తెగింది. అమాస ఇంక మూడు దినాలే. పోకుంటె సుగుణ రాదు. ఎడ్లబండ్ల పోతె అసలే రాదు.

"ఫట్‌ఫటీ మీదొస్తనన్నవ్ గదా, మీదనే కూసో. ముందట ఎవరు గుంజితె ఏంది?" అన్నడు పెద్దనాయన.

అట్లనే పోయిన. పెద్దనాయన ఎడ్లను తోలుతుండు, బండెనక నేను హాండిల్ పట్టుకోని కూసున్న. రెండు దినాలు ఎడ్ల తోకలు, బండి దుమ్ము, దారెంబడి పోరగాండ్ల కేకలు. నాగర్‌కర్నూల్ చేరేసరికి కనుబొమ్మలు గూడ తెల్లగైనయ్. మా బామ్మర్ది నవ్వలే. లోపలికి పోయి అందర్ని పిల్సుకొచ్చిండు.

సుగుణ ఎడ్లను చూసింది, నన్ను చూసింది. తొట్టె కాడికొచ్చి కూసునే మెత్తను చేత్తోని ఒత్తింది. "ఇదైతె ఎగరదు గదా?" అన్నది.

"ఎగరాలంటె ముందుగాల ఉరకాలె గదక్కా" అన్నడు బామ్మర్ది.

ఆమె మూట వెట్టుకోని, తొట్టెల కాళ్లు జాపుకోని, గొడుగు దెరిచింది. నా పానం తిరిగొచ్చింది.

వాపస్ వస్తుంటె చేన్ల ఒక రైతు పెద్దనాయనను ఆపిండు. "ఏందే అది, ఎనక గట్టుకపోతున్నవ్?"

"కొత్తగ గొన్నం. మంచి జాతిదే. ఇంక కాడికి అలవాటు గాలే" అన్నడు పెద్దనాయన.

తొట్టెల నుంచి సుగుణ తల బయటవెట్టి, "ఫట్‌ఫటీ సంగతి సరే మామా, ఈయినకెప్పుడు అలవాటైతది?" అన్నది.

నేను హారన్ గొట్టిన. ఆ బండి మొత్తంల నా చేతిల పనిజేసేది అదొక్కటే.