బోర్డులక్క గురువారాలు

బోర్డులక్కకు అక్షరాలంటే ప్రాణం. బట్టల కొట్టు, టైర్ల షాపు, పళ్ళ డాక్టరు, ఎవరి పేరైనా నూలుపోగు తేడా రాకుండా రాసేస్తుంది. బొమ్మల దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది. మొగుడు మూడోసారి చెయ్యి చేసుకున్న రోజున బ్రష్షులు సంచిలో, నిచ్చెన భుజాన వేసుకుని ఇల్లు దాటిన మనిషి. మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. చూసే తీరికా లేదు.

ఒకసారి మహిళల ఆశ్రయ గృహం గేటుకు బోర్డు రాయడానికి వెళ్ళింది. పని అయ్యాక వార్డెనమ్మ, "భోజనాల గదిలో గోడ బోసిగా ఉందమ్మా, ఏదైనా బొమ్మ వెయ్యవూ?" అంది. కాదనలేక గుర్రం మొదలుపెట్టింది. అన్నం తింటున్న ఆడవాళ్ళు చూసీ చూడనట్టు చూస్తున్నారు. మూలన కుడిచేతికి కట్టుతో ఓ అమ్మాయి. మొగుడు విరిచిన చెయ్యి. వచ్చి రెండు వారాలైనా పెదవి విప్పలేదట.

ఆ పిల్ల ఉన్నట్టుండి, "అక్కా, అది గుర్రమా, గాడిదా?" అంది.

గదిలో నవ్వులే నవ్వులు. బోర్డులక్క చిన్నబుచ్చుకోకుండా బ్రష్షు చాచింది.

"అంత తెలిసినదానివి, నువ్వే దిద్దు తల్లీ."

"కుడిచెయ్యి కట్టులో ఉందిగా."

"ఎడమచెయ్యి ఏం పాపం చేసింది?"

ఎడమచేత్తో దిద్దేసరికి గుర్రం ఇంకా అధ్వానమైంది. దాన్ని చూసి ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

అప్పటినుంచి గురువారం మధ్యాహ్నాలు బోర్డులక్క వేరే పని ఒప్పుకోలేదు. మిగిలిన రంగు డబ్బాలన్నీ ఆశ్రయానికి మోసుకొచ్చేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఒకామె నెలంతా నల్లరంగే పులిమింది. "పులుము, డబ్బా అయిపోతే ఇంకోటి తెస్తా" అనేది బోర్డులక్క. ఐదో వారం ఆమె తనంతట తానే పసుపు అడిగింది.

కట్టు విప్పాక ఆ పిల్ల ఒక తలుపు గీసింది. దానికి గడియ వేసి, చెరిపి, మళ్ళీ వేసింది.

"గడియకింత ఆలోచన ఎందుకే?"

"ఆయన బయట గడియ పెట్టి పోయేవాడక్కా. ఇది లోపలి గడియ. నేనే వేసుకుంటా, నేనే తీసుకుంటా."

బోర్డులక్క అటు తిరిగి, కడిగిన బ్రష్షులనే మళ్ళీ కడిగింది.

మొగుడి మీద పెట్టిన కేసు విచారణకొచ్చినప్పుడు ఆ పిల్ల కోర్టులో సాక్ష్యం చెప్పింది. వెనక బెంచీలో బోర్డులక్క, వేళ్ళకు ఎండిన ఎర్రరంగుతో. అవతలి లాయరు గదమాయించినా ఆ పిల్ల బెదరలేదు. తడబడినచోట ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకుంది. మొగుడికి శిక్ష పడింది.

ఇప్పుడా పిల్ల సొంతంగా ఓ గది తీసుకుని, బడి గోడలకు బొమ్మలు వేస్తోంది. చేతినిండా పని. పోయిన గురువారం మాత్రం సెలవు పెట్టుకుని ఆశ్రయానికి వచ్చింది. కొత్తగా చేరిన ఒకామె గుమ్మం దగ్గరే నిలబడిపోతే, పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.