మామయ్య గొంతును ఆపే బటన్

మా మామయ్య ముప్పై ఏళ్లు సిద్దిపేట వీధుల్లో ఆటోకు మైకు కట్టుకుని తిరిగాడు. కొత్త బట్టల దుకాణం తెరిచినా, సర్కస్ వచ్చినా, నల్లా నీళ్లు రెండు రోజులు రావన్నా ఊరికి తెలిసేది ఆయన నోటితోనే. నేను ఈ ఇంటి కోడలిని కాకముందే ఆ గొంతు నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో ఆయన "ఏం చదివినవ్ బిడ్డా?" అని అడగగానే తలుపు వెనక మా చెల్లెళ్లు నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తారు. అంతకు ముందు వారమే అదే గొంతు మా వీధిలో పరుపుల మీద తగ్గింపు ధరలు చెప్పి వెళ్లింది మరి.

ఆ పనికొక పద్ధతి ఉంది. ప్రతి మాటా మూడుసార్లు చెప్పాలి. ఆటో ఆగదు కాబట్టి మొదటిసారి అన్నది ఒక ఇంటికి వినబడితే, మూడోసారి అన్నది మూడో ఇంటికి వినబడుతుంది. అట్లా అయితేనే దుకాణం పేరు అందరి చెవినా పడుతుంది. ఇది మైకు పట్టినవాళ్లందరూ చేసేదే. ఇంకో పద్ధతి మాత్రం మామయ్య సొంతం. బడి దగ్గర గొంతు తగ్గించేవాడు. దవాఖాన దగ్గర మైకు ఆపేవాడు. ఎవరింటి ముందైనా షామియానా కింద మనుషులు తలలు వంచుకుని కూర్చుని కనిపిస్తే, సందు మలుపులోనే మైకు కట్టేసి, ఆటో నడిపే స్నేహితుణ్ని మెల్లగా పొమ్మని సైగ చేసేవాడు. ఆ ఇల్లు దాటి చాలా దూరం పోయాకే మళ్లీ నోరు తెరిచేవాడు. "ముప్పై ఏండ్లల్ల ఒక్క సావింటి ముంగట నా మైకు మోగలే" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చాయ్ తోపాటు చెప్పేవాడు. ఎన్నిసార్లు విన్నానంటే, ఆయన మొదలుపెడితే నేను పూర్తి చేయగలను.

తర్వాత ఆటోల్లోకి రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. మనిషి అవసరం తీరిపోయింది. మామయ్య మధ్యాహ్నం పూట, మా ఊరి నేత గొల్లభామ చీరలు అమ్మే మా దుకాణానికి వచ్చి, గల్లా పక్కన కుర్చీలో కూర్చునేవాడు. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి, "ఏ ఊరు బిడ్డా? నంగునూరా? వానలు వడ్డయా?" అని పలకరించేవాడు. దుకాణం నడిపేది మా ఆయనా నేనూ. అమ్మేది నేను, అలిగేది ఆయన.

ఫోన్లో జనం చూసే వీడియోల మధ్య మన ప్రకటన వేద్దామన్న తెలివి నాదే.

"గొంతు ఎవరిది వెడ్తవే?" అన్నాడు మా ఆయన, నమ్మకం లేకుండా.

"ఎవరిదో ఎందుకు? మామయ్యది."

పేపర్ చదువుతున్న మామయ్య తల ఎత్తలేదు గానీ, ఆ తర్వాత పావుగంట దాకా పేజీ తిప్పలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉప్పు నీళ్లతో గొంతు పుక్కిలించి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని తయారయ్యాడు. తీసేది గొంతు మాత్రమేనని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

దుకాణం వెనక గదిలో ఫ్యాన్ ఆపి ఫోన్ ముందు పెట్టాను. "రండి రండి రండి! గొల్లభామ చీరలు, గొల్లభామ చీరలు, గొల్లభామ చీరలు!" అని ఎదురుగా వీధి వీధంతా ఉన్నట్టే ఎత్తుకున్నాడు. అర నిమిషంలో దుకాణం పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. నాకు సంబరంగా ఉంది. ఆటో వెళ్లిపోతుందనీ, ఫోన్ మాత్రం మనిషి చేతిలోనే ఉంటుందనీ, ఆ తొమ్మిదిసార్లూ ఒక్క మనిషే వినాలనీ నాకు తట్టనే లేదు.

అంతటితో ఆగితే నా తెలివికి అర్థమేముంది? ఎవరికి చూపించాలని యాప్ అడిగింది. సిద్దిపేట, చుట్టుపక్కల ఊళ్లు అని పెట్టాను. ఆడవాళ్లకు, పొద్దున పూట, భక్తి వీడియోల మధ్య అని పెట్టాను. ఒక మనిషికి ఎన్నిసార్లు చూపించాలో రాసే గడి ఒకటుంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. ఎన్నిసార్లు చూస్తే అంత మంచిదే కదా అనుకున్నాను.

మూడో రోజు పక్కింటావిడ వచ్చింది. "ఏందమ్మా ఇది? దేవునికి హారతిస్తుంటె మీ మామ వచ్చి రండి రండి అని ఒర్రవట్టె. ఒక్కసారి గాదు, నాలుగు సార్లు. చేతిల హారతి పళ్లెం, ఫోను ఎట్ల ఆపాలె?" అంది. నవ్వి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. రైతుబజార్‌లో కూరగాయలామె నన్ను చూడగానే "చిక్కుడుకాయ, చిక్కుడుకాయ, చిక్కుడుకాయ!" అని మామయ్య బాణీలోనే అందుకుంది. చుట్టుపక్కలవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చెబితే మామయ్య మీసం దువ్వుకున్నాడు. "ఇంటున్నరన్నట్టే గదా బిడ్డా" అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆ వారంలోనే, ముప్పై ఏళ్లు ఆయన పక్కన ఆటో నడిపిన స్నేహితుడు చనిపోయాడు. చింతమడక వైపు పోయే దారిలో వాళ్లిల్లు. మా ఆయనను దుకాణంలో ఉంచి, మామయ్యతో నేను పొద్దున్నే వెళ్లాను. ఇంటి ముందు షామియానా, కుర్చీల్లో చుట్టాలు. శవం తల దగ్గర దీపం, పక్కన స్టూలు మీద స్పీకరు. దానికి కలిపిన ఆ ఇంటి కోడలి ఫోన్లో గీతా శ్లోకాలు వస్తున్నాయి. మామయ్య వెళ్లి స్నేహితుడి కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. పాదం మీద చెయ్యి వేశాడు. అప్పుడే ఏడుపు వస్తోంది ఆయనకు, పెదవులు వణకడం చూశాను.

శ్లోకం మధ్యలో ఆగింది. "రండి రండి రండి!" అని మామయ్య గొంతు స్పీకర్లో నుంచి షామియానా అంతా దద్దరిల్లేలా వచ్చింది. "గొల్లభామ చీరలు, గొల్లభామ చీరలు, గొల్లభామ చీరలు!"

అందరి తలలూ ముందు స్పీకరు వైపు, తర్వాత ఆయన వైపు తిరిగాయి. చనిపోయినాయన కొడుకు ఫోన్ అందుకున్నాడు గానీ ఆపే బటన్ కనబడదే! అయిదు సెకన్లు గడిస్తే తప్ప అది రాదు. చివరికి స్పీకరు వైరే పీకేశాడు. అంత పొడవైన అయిదు సెకన్లు నేను మళ్లీ చూడలేదు. చనిపోయినాయన భార్య తల ఎత్తలేదు. మామయ్య పాదం మీద నుంచి చెయ్యి తీసేసి, లేచి బయటికి వచ్చేశాడు. ఏడుపు ఆయన మొహంలోనే ఎండిపోయింది.

తిరిగి వస్తుంటే దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు. "అది బంద్ చెయ్యి బిడ్డా."

షామియానా వెనక నిలబడి అప్పటికే బంద్ చేశానని చెప్పాను. ఆయన వినిపించుకున్నట్టు లేదు. పదకొండో రోజు వెళ్లి గేటు బయటే నిలబడి, తినకుండా వచ్చేశాడు. మళ్లీ ఆ దారి పోలేదు. దుకాణానికి రావడం మానేశాడు. చుట్టాలెవరైనా వచ్చి "నీ మైకు ముచ్చట చెప్పరాదే" అంటే, పంటల సంగతి ఎత్తేవాడు. ఆ ముచ్చట ఎప్పుడు ముగుస్తుందా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఇప్పుడు ఒక్కసారి చెబితే బాగుండని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఆయనకున్న గొప్ప అదొక్కటే. దాన్ని నేను తీసేశాను.

"తప్పు నాది మామయ్యా" అన్నాను ఒకరోజు.

"నువ్వు బటన్లు నొక్కినవ్. ఒర్రింది నేను" అన్నాడు, గోడ వైపు తిరిగి.

తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువ. మా ఆయన మీద అరిచాను, ఫోన్ మీద అరిచాను. అది చల్లారాక ఒక పని మొదలుపెట్టాను. నా ఫోన్లో వచ్చే ఏ ప్రకటననూ ఆపకుండా చివరిదాకా చూడటం. అమ్మేదాన్ని కదా, ఇన్నాళ్లూ చూసేవాళ్ల కుర్చీలో కూర్చోలేదు. పాట మెత్తగా వస్తుంటే ప్రకటన మాత్రం చెవి దగ్గర డప్పు కొట్టినట్టు వచ్చేది. ఒకే సబ్బు గంటలో అయిదుసార్లు వచ్చి, అయిదుసార్లూ అదే నవ్వు నవ్వేది. పిల్లను పడుకోబెట్టే పాటలో దూరి ఒకాయన లోన్ కావాలా అని అరిచేవాడు. మా అక్క మనవరాలు ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

"ఇన్ని దినాలు మనం అందరిండ్లల్లకు చెప్పులేసుకొనే పోయినమయ్యా" అన్నాను మా ఆయనతో.

"నేను ముందే అనలేదా?" అన్నాడు. అనలేదు. అయినా ఊరుకున్నాను.

యాప్ తెరిచి ఖాళీగా వదిలేసిన గడిలో, ఒక మనిషికి వారానికి రెండుసార్లు అని రాశాను. భక్తి వీడియోలు తీసేశాను, పిల్లల వీడియోలు తీసేశాను. వంటలు, కుట్లు, చీర కట్టడం నేర్పేవి మాత్రం ఉంచాను. ఇదంతా మామయ్యకు చెప్పాను. ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని విన్నాడు.

"ఆటోల పోతుంటె షామియానా కనవడ్తుండె" అన్నాడు చివరికి. "గీ ఫోన్లకెల్లి ఏం కనవడ్తది?"

"ఏం కనవడది మామయ్యా."

"వంట వీడియో చూసేటోల్లింట్ల సుత కష్టముండొచ్చు."

"ఉండొచ్చు."

లేచి కూర్చున్నాడు. "మరైతే ఆ ఇంట్ల మనిషినే అడగాలె" అన్నాడు.

మర్నాడు గొంతు పుక్కిలించలేదు, తెల్ల చొక్కా వేసుకోలేదు. ఆపే బటన్ ఎప్పుడు వస్తుందో మళ్లీ మళ్లీ అడిగాడు. అయిదు సెకన్లంటే ఎంతో చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, దుకాణంలో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడినట్టు, మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఇంట్ల పూజున్నా, బాధున్నా నన్ను ఆపుండ్రి. నేనేమనుకోను." సరిగ్గా అప్పుడే బటన్ వచ్చేలా. ఆపనివాళ్లకు ఆ తర్వాత చీర సంగతి. గొల్లభామ చీరను మొదటిసారి ఉప్పు నీళ్లలో జాడించాలనీ, నీడనే ఆరెయ్యాలనీ. ఆఖరున దుకాణం పేరు.

"ఒక్కసారే చెప్పిన్రు. సాల్తదా మామయ్యా?"

"గిది ఆటో గాదు గదా బిడ్డా, ఉరుకుతలేదు."

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆపుమని చెప్పే ప్రకటన యాడన్న ఉంటదానే?" అన్నాడు. అయినా వేశాం. అప్పటి నుంచి మామయ్యకు సాయంత్రం ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఎందరు ఆపిన్రు?"

"మస్తుమంది ఆపిన్రు."

"ఆపిన్రంటె మన మాట ఇన్నరన్నట్టే" అని తృప్తిగా చాయ్ తాగేవాడు. జనం తన ప్రకటన ఆపేస్తే సంతోషించే మనిషిని ఈయన్నొక్కణ్నే చూశాను. ఆపనివాళ్లూ ఉన్నారు. ఉప్పు ఎంత వెయ్యాలి, గుప్పెడా రెండు గుప్పెళ్లా అని అడుగుతూ దుకాణానికి వచ్చేవాళ్లు. వాళ్లకు జవాబు చెప్పడానికి మామయ్య మళ్లీ గల్లా పక్కన కుర్చీలోకి వచ్చాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మైకు ముచ్చట మాత్రం చెప్పడం లేదు. స్నేహితుడి ఇంటికీ పోవడం లేదు.

ఒక మధ్యాహ్నం ఆ స్నేహితుడి భార్యే కోడల్ని తీసుకుని దుకాణానికి వచ్చింది. మనవరాలికి ఓణీ ఫంక్షన్ ఉందట. మామయ్య గబుక్కున లేచి నీళ్లిచ్చాడు గానీ, ఏ ఊరని అడగాల్సిన పని లేని మనిషితో ఏం మాట్లాడాలో తెలియక గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "అన్నా, మొన్న మాసికం నాడు మా కోడలు గారెల పిండి ఎట్ల కలపాలెనో ఫోన్ల చూస్తుంటె నువ్వొచ్చినవ్" అంది.

మామయ్య మొహం పాలిపోయింది. "ఆపుమనే చెప్పిన చెల్లె" అన్నాడు.

"చెప్పినవ్. ఇది ఆపవొయ్యింది. నేనే ఆపనియ్యలె." కొంగు సర్దుకుని ఆమె మళ్లీ అంది. "మా ఆయిన ముప్పై ఏండ్లు నీ గొంతు ఇనుకుంటనే బండి నడిపిండు. ఆయిన పోయిన్నాడు నీ గొంతు ఇనవడితె నాకు కోపం రాలే అన్నా. దోస్తును సాగదోలనీకి వచ్చినవనుకున్న. నువ్వే లేచి పోతివి."

మామయ్య నిలబడ్డచోటే, చీరలు పరిచి చూపించే పరుపు మీద కూలబడ్డాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ రోజు షామియానా కింద మొహంలోనే ఎండిపోయిన ఏడుపు, ఇన్ని నెలలకు మా దుకాణంలో చీరల మధ్య పెద్దగా బయటికి వచ్చింది. ఊరంతా తెలిసిన ఆ గొంతు అట్లా ఏడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. మా ఆయన షట్టరు సగం దించాడు. ఎవరమూ ఆయనను ఆపలేదు.