డిక్టేషన్‌లో లేని రెండు వాక్యాలు

నా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో చుట్టిన రెండు తెలుగు వాక్యాలు కంటపడిన క్షణంలోనే పిల్లలకు ఏదో ప్రమాదం ఉందని నాకు తెలిసింది. ఇంకా చదవనైనా లేదు.

దయ్యాలూ శకునాలూ నేను నమ్మను. మా నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. నా చిన్నప్పుడు మేమున్న క్యాంప్ 1 బస్తీలో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే ముందు నట్టూ బోల్టూ చూసుకోమనేవాడు. నేను బీఎస్సీ చదివాను. ఇది చదివి నన్ను పిచ్చిదనుకున్నా ఫరవాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లలు నిద్రపోయాక తప్ప రాసుకోవడానికి వీలు కుదరదు, అందుకే ఇది నాలుగు రోజులుగా సాగుతోంది.

ప్లాంటు కట్టినప్పటి నుంచీ రష్యన్ ఇంజనీర్లు వచ్చి పోతుండడంతో మా ఊళ్లో ఆ భాష నేర్చుకునేవాళ్లు కొందరు ఎప్పుడూ ఉండేవారు. నేను పెళ్లయ్యాక సాయంత్రం క్లాసుల్లో చేరాను. అప్పటికి సోవియట్ యూనియన్ లేదు. సినిమా అయిపోయాక టికెట్టు కొంటున్నావని పక్క క్వార్టర్ దీదీ ఆటపట్టించేది. నేను మానలేదు. పరీక్షలో మంచి మార్కులొచ్చాయి, నాలుగు నెలలు రష్యాలో ఉండి చదువుకునే అవకాశం వచ్చింది. అక్కడి సర్టిఫికెట్ ఉంటే అనువాదకురాలిగా ఉద్యోగం దొరుకుతుందని మా సార్ చెప్పారు.

అప్పటికి మా అమ్మాయి స్వాతికి ఏడేళ్లు, రాజాకి నాలుగు. మా ఆయన ఒప్పుకున్నాడు. విజయనగరం దగ్గర ఊరి నుంచి మా అత్తగారు వచ్చి పిల్లల్ని చూసుకుంటానంది. కానీ బయల్దేరే రోజు ఒక మాట అంది. "ఎల్లు. పిల్లలకేటైనా అయితే మాత్రం నన్ననొద్దు." ఆ మాట నాతో పాటే విమానమెక్కింది.

భిలాయిలో రుఆబాంధా సెక్టార్‌లోని మా క్వార్టర్ వెనక పెరట్లో సిమెంటు టాంకీ ఉంది. నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తాయి కాబట్టి వేసవిలో అందరం నింపి పెట్టుకుంటాం. మాది నాకు నడుము దాకా ఉంటుంది. వెళ్లే ముందు దాని మీద రేకు కప్పి, ఆ రేకు మీద రెండు పెద్ద రాళ్లు నేనే పెట్టాను. రాజా ఒక్కడూ కదపలేడని చూసుకున్నాకే పెట్టె మూశాను.

నేను చదివిన ఊరు వోల్గా ఒడ్డున ఉంది. అక్కడ రోజూ డిక్టేషన్ ఉండేది. అరవై దాటిన టీచరమ్మ ఒక్కో వాక్యం రెండుసార్లు చదివేది, మూడోసారి అడిగితే వినిపించుకునేది కాదు. చేతులు నొప్పెట్టేలా రాసేవాళ్లం. పుస్తకాలు తీసుకెళ్లి మర్నాడు దిద్ది ఇచ్చేది.

ఏప్రిల్‌లో ఒక రోజు డిక్టేషన్ నది మీద మంచు కరగడం గురించి. మర్నాడు నా పుస్తకం తిరిగొచ్చింది. నాలుగో వాక్యానికీ ఐదో వాక్యానికీ మధ్య ఎర్రగా చుట్టి, పక్కన రష్యన్‌లో "ఇది ఏ భాష?" అని రాసి ఉంది. లోపల నా చేతిరాతలోనే రెండు ముక్కలు.

"రేకు తీసేశారు. రాజా వంగి చూస్తున్నాడు."

అవి రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు. రాయడానికి సమయం కూడా లేదు. డిక్టేషన్‌లోని పదకొండు వాక్యాలూ పూర్తిగా ఉన్నాయి, ఒక్క మాట పోలేదు. నేను తెలుగు రాస్తూ ఉంటే ఐదో వాక్యం ఎవరు విన్నట్టు?

క్లాసు మధ్యలోనే లేచాను. టీచరమ్మ ఏదో అడుగుతుండగానే బయటికొచ్చేశాను. బురద మంచులో నడిచి టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లి భిలాయికి కాల్ బుక్ చేశాను. మా క్వార్టర్‌లో ఫోను లేదు, దీదీ వాళ్లింట్లో ఉంది. గంటన్నర కూర్చున్నాక లైను దొరికింది. భిలాయిలో అప్పుడు మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది. దీదీ వెళ్లి అత్తగారిని పిలుచుకొచ్చింది.

"అత్తా, టాంకీ మీద రేకు ఉందా?"

ఆవిడ నవ్వింది.

"ఏటే, రష్యా నుంచి ఫోను చేసి రేకు సంగతి అడుగుతున్నావేటి? ఆ రేకు కాలినట్టు మరేటీ కాల్దు. ఈయేళ పొద్దున్నే తీసి దాని మీద గుమ్మడి వడియాలు పెట్టేను. సాయంత్రానికి మల్లా కప్పేస్తాను."

ఈ రోజు పొద్దున్నే. నేను ఆ మాటలు రాసింది నిన్న.

"పిల్లలెక్కడున్నారు?"

"ఇంట్లో పడుకున్నారు. నువ్వు పిలిపించేవని నేనిలా వచ్చేను."

అప్పుడు అర్థమైంది. మా ఆయన డ్యూటీలో ఉంటాడు, పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. పెరట్లో టాంకీ తెరిచి ఉంది. ఉన్న ఒక్క పెద్దావిణ్ని ఇంట్లోంచి బయటికి లాగింది నేను, నా ఫోను.

"ముందు నువ్వు ఇంటికెళ్లు. మాట్లాడకు. పరిగెత్తు" అన్నాను. జీవితంలో ఆవిడతో అలా మాట్లాడింది అదొక్కసారే. రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. దీదీ వంటింట్లో కుక్కర్ కూత వేసింది. దూరంగా ఎవరో అరిచారు. లైను కట్టయింది.

మళ్లీ బుక్ చేశాను. ఆ రోజు ఇక ఇండియా లైను దొరకలేదు. కౌంటర్ మూసే దాకా అక్కడే ఉన్నాను. హాస్టల్లో బట్టలు సర్దాను, మళ్లీ తీశాను. ఏడిస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని ఏడవలేదు. తెల్లారగానే వెళ్లి వరుసలో మొదట నిలబడ్డాను.

ఈసారి మొదట అత్తగారే మాట్లాడింది. పరిగెత్తుకెళ్లేసరికి రాజా బోర్లించిన బకెట్టు ఎక్కి, టాంకీ అంచు మీద పొట్ట ఆనించి తల లోపలికి వంచాడట. రెండు కాళ్లూ బకెట్టు మీంచి లేచిపోయాయట. నిక్కరు పట్టుకుని వెనక్కి లాగిందట. అరిచింది ఆవిడే. "నీకెలా తెలిసింది?" అని ఒక్కసారే అడిగింది. మా ఆయనకి ఫోను ఇమ్మన్నాను.

మా ఆయన ఫోను తీసుకున్నాడు. టాంకీ ఖాళీ చేశానన్నాడు. వచ్చేస్తావా అని అడిగాడు. రానన్నాను. ఇంకా ఆరు వారాలుంది, పరీక్ష రాసే వస్తానన్నాను. భయపడి వెనక్కి వస్తే మళ్లీ ఇంటి గడప దాటలేనని నాకు తెలుసు. అలాగే రాశాను, పాసయ్యాను. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని యంత్రాల కాగితాలు అనువాదం చేస్తున్నాను.

డిక్టేషన్‌లో నీళ్ల మాట వచ్చింది కాబట్టి నీ మనసు టాంకీ మీదికి పోయిందంటాడు మా ఆయన. అయి ఉండొచ్చు. వేసవి వస్తే అత్తగారు వడియాలు పెడుతుందని నాకు లోలోపల తెలిసే ఉంటుందంటాడు. కానీ మా ఇంట్లో ఆవిడకు అదే మొదటి వేసవి.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది వేరే సంగతి. ఆ రెండు వాక్యాలు లేకపోతే నేను ఫోను చేసేదాన్ని కాదు. ఫోను చేయకపోతే అత్తగారు పిల్లల పక్కనే పడుకుని ఉండేది. ఆ రాత వాణ్ని కాపాడడానికి వచ్చిందో, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిందో నాకు తెలియదు. పుస్తకం బీరువాలో ఉంది. పారేయలేను, తెరవలేను.

ఆ ఉదయం ఫోను చివర్లో పిల్లలిద్దర్నీ ఫోను దగ్గరికి రమ్మన్నాను. ముందు స్వాతి, తమ్ముణ్ని అందరూ కొట్టారని చెప్పింది. తర్వాత రాజా ఊపిరి వినబడింది. టాంకీ దగ్గరికి ఎందుకెళ్లావు నాన్నా అని అడిగాను.

వాడికి తెలుగు కంటే హిందీ ముందొస్తుంది. "నువ్వే కదా మమ్మీ బులాయా" అన్నాడు. "టాంకీ లోపల్నుంచి. నాన్నా ఇలా రా, అన్నావు."

బూత్ బయట వరుసలో ఉన్నవాళ్లు అద్దం మీద కొడుతున్నారు. రిసీవర్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"ఇద్దరూ వినండి. మమ్మీ పరీక్ష రాసి వచ్చేస్తుంది. వచ్చినప్పుడు ముందు గుమ్మంలోంచే వస్తుంది, మీ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. నేను కనబడకుండా గొంతు మాత్రం వినిపిస్తే, అది నా గొంతే అయినా సరే, వెళ్లకండి."